నలభై ఒక్క అక్షరాలు

శుక్రవారం ఉదయం పదీ ఇరవై. లోక్యాను కోర్టుకు తీసుకుపోవలసిన వేళ పన్నెండు. హత్యకేసులో రిమాండు పడితే ఆ మనిషి మళ్లీ తండా ముఖం ఎప్పుడు చూస్తాడో ఎవరూ చెప్పలేరు. డిటెక్టివ్ ముత్తెన్నకు మిగిలింది గంటా నలభై నిమిషాలు.

ఆయన ముందు బల్ల మీద ఒక పొడుగాటి కాగితం ఉంది. రెండు అంచులకూ వరుసగా చిల్లులు. ఆయన కూర్చున్న బాన్సువాడ ఎత్తిపోతల సంఘం ఆఫీసు కంప్యూటరు మంగళవారం ఉదయం అచ్చు వేసిన డ్యూటీ చార్టు అది. ఏ మోటారు ఎప్పుడు వేయాలో, ఏది వేయకూడదో పంపుహౌస్ ఆపరేటర్లకు చెప్పేది ఆ కాగితమే. దాని ప్రకారమే మొదటి పంపుహౌస్ ఆపరేటర్ లోక్యా మంగళవారం పదీ నలభైకి మూడో నంబరు మోటారు స్విచ్చి వేశాడు. ఆ నిమిషాన ఆ మోటారుకు పోయే తీగ మీద, రెండు ఫర్లాంగుల అవతల, లైన్‌మన్ ఫూల్‌సింగ్ స్తంభమెక్కి పని చేస్తున్నాడు. కిందికి దించేసరికి ప్రాణం లేదు.

ఫూల్‌సింగ్ పైన ఉంటాడు, సాయంత్రం నాలుగు వరకు మోటారు వేయవద్దు అని ఇంజనీరు సోమవారం రాసిచ్చిన చీటీ ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉంది. లోక్యా దగ్గర దొరికిన చార్టులో మాత్రం ఆ వరుస లేదు.

"ఇంకేం జూస్తవు ముత్తెన్నా? గా కాగితం అరిగిపోతది," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చందర్. కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. "కథ సాఫుగున్నది. లోక్యాకు, ఫూల్‌సింగుకు పొలం గట్టు కాడ లొల్లి. రెండుసార్లు మా ఠాణాకే వచ్చిండ్రు. మంగళవారం తొమ్మిదింటికి లోక్యా చార్టు కోసం ఈడికి వచ్చిండు. పది నిమిషాలు ఈ మిషిన్ కాడ ఒక్కడే ఉన్నడు. టైపు లోయర్ పాసైనోడు. వరుస తీసేసిండు, అచ్చు కొట్టించుకున్నడు, పోయిండు."

"తీసేసింది ఎవరన్న చూసిండ్రా?"

"చూడాల్సిన పని లేదు. మిషిన్ తప్పు చెయ్యలేదని నిన్న పొద్దున నా కండ్ల ముందల పరీక్ష జేయించిన. మిషిన్ తప్పు లేకుంటే మనిషి తప్పే గద."

"మీరు పరీక్ష జేసింది గురువారం సాబ్. మనిషి సచ్చింది మంగళవారం."

"గురువారం ఒక తీరు, మంగళవారం ఒక తీరు పని జేసేటందుకు అదేమన్న బర్రెనా?" అని చందర్ నవ్వాడు. మరెవరూ నవ్వలేదు.

గుమ్మం పక్కన గోడకు ఆనుకుని లోక్యా భార్య ధర్మి నిలబడి ఉంది. నిజామాబాదు వెళ్లి ముత్తెన్నను వెతికి పట్టుకున్నది ఆమే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ముత్తెన్న టైపిస్టు వైపు తిరిగాడు. ఆమినాకు ఇరవై రెండేళ్లుంటాయి. కంప్యూటరు వచ్చి ఐదు నెలలైంది. చార్టులన్నీ టైపు చేసేది ఆమే.

"మంగళవారం పొద్దున ఏం జేసినవో మల్లొక్కసారి చెప్పమ్మా."

"సోమవారం సాయంత్రమే చార్టు మొత్తం కొట్టి పెట్టిన సార్. ఫూల్‌సింగన్న వరుస కూడా కొట్టిన. మంగళవారం ఎనిమిదీ యాబైకి మునీర్ సార్ ఇంకో చీటీ ఇచ్చిండు. కాపలా రాజన్నకు సెలవు అని. అది కూడా మూడో నంబరు మోటారుదే గద, ఫూల్‌సింగన్న వరుసకు పైన చేర్చిన. తొమ్మిదింబావుకు అచ్చు తీసిన."

"గట్లనే ఇప్పుడు చెయ్యి. నేను చూస్త."

ఆమినా పాత చార్టును మళ్లీ కొట్టింది. ఫూల్‌సింగ్ వరుస మొదట్లోకి వెళ్లి రాజన్న సెలవు చీటీని ఎడమ పక్కన పెట్టుకుంది. వేళ్లు టకటకా కదిలాయి. తెర మీద ఒక్కొక్క అక్షరం పడుతుంటే ఫూల్‌సింగ్ వరుస కుడివైపుకు జరిగింది. వరుస ముగించే మీట నొక్కగానే కింది వరుసలోకి దిగింది. ఒక్క అక్షరం పోలేదు.

"చూసినవా?" అన్నాడు చందర్. "నేను జెప్పలే?"

ముత్తెన్న తెరను చూడటం లేదు. ఆమినా ముఖం చూస్తున్నాడు. కొట్టినంతసేపూ ఆ పిల్ల కళ్లు చీటీ మీది నుంచి లేవలేదు.

"తెర దిక్కు చూడవా అమ్మా?"

"చూడ సార్. మునీర్ సార్ నేర్పిందే గట్ల. చూపు రాత మీద, వేళ్లు మీటల మీద. తల లేపితే స్కేలుతోని కొట్టేటోడు."

పక్క బల్ల దగ్గర కూర్చున్న సూపరింటెండెంటు మునీర్ సన్నగా నవ్వాడు. నెరిసిన గడ్డం, మడత నలగని చొక్కా. "బాన్సువాడల టైపు నేర్చినోళ్లు సగం మంది నా స్కేలు దెబ్బలు తిన్నోళ్లే ముత్తెన్న సాబ్. అటు నస్రుల్లాబాద్ నుంచి కూడా వచ్చేటోళ్లు. కండ్లు లేపితే వేగం పోతది."

"అయితే మంగళవారం తెర మీద ఏం జరిగిందో ఈమె చూడలేదన్నట్టు."

నవ్వు ఆగింది. "చూడకున్నా వేళ్లు తప్పు కొట్టవు."

"అచ్చయినంక సంతకం పెట్టింది మీరే గద?"

"చదివే పెట్టిన. ఎనిమిది వరుసలు. అన్నీ సక్కగనే ఉండె."

"తొమ్మిది ఉండాలె."

"పొద్దున సంతకాలు చానా ఉంటయి," అన్నాడు మునీర్ మెల్లగా.

ముత్తెన్న చార్టును దగ్గరికి లాక్కున్నాడు. ఇంగ్లీషులో ఉన్న నాలుగో వరుసను వేలితో వెంబడించాడు. మూడో నంబరు మోటారు, కాపలా రాజన్న, సెలవు, నాలుగు గంటల వరకు. నిన్నటి నుంచి ఆ వరుసను ఇరవైసార్లు చదివాడు. తప్పు లేని వరుస. అందుకే ఎవరి కన్నూ దాని మీద ఆగలేదు.

"రాజన్నను పిలువుండ్రి."

వరండాలో ఉన్న రాజన్న తలగుడ్డ తీసి చేత పట్టుకుని లోపలికి వచ్చాడు.

"మంగళవారం సెలవు ఎంతసేపటికి అడిగినవు?"

"ఎంతసేపేంది సారు? దినమంతా. మద్నూర్‌ల మా పెద్దవ్వ సచ్చిపోయింది. పోయి తెల్లారి బస్సుకు వచ్చిన."

"నాలుగు గంటల వరకే అని ఎవరికన్న జెప్పినవా?"

"సావుకు పోయినోడు గంటలు జెప్పి పోతడా సారు?"

చందర్ కుర్చీ ముందు కాళ్లు నేలకు ఆనాయి. ముత్తెన్న రాజన్న సెలవు చీటీ తీసి చూశాడు. ఒక దినం అని ఉంది. గంటల మాట లేదు. ఆ రోజు కాగితాలన్నిటిలో నాలుగు గంటలన్న మాట ఇంకొక్క చోటే ఉంది. ఫూల్‌సింగ్ చీటీలో.

గళ్ల కాగితం ఒకటి అడిగి తీసుకున్నాడు. గడికో ఇంగ్లీషు అక్షరం చొప్పున ఫూల్‌సింగ్ వరుసను పైన రాశాడు: మూడో నంబరు మోటారు, ఫూల్‌సింగ్ పైన ఉన్నాడు, వేయవద్దు, నాలుగు గంటల వరకు. దాని కింద రాజన్న వరుసను రాశాడు. ఖాళీకి ఒక గడి, గీతకు ఒక గడి. రాజన్న సెలవు నలభై ఒకటో గడిలో ముగిసింది. పై వరుసలో వేయవద్దన్న మాట కూడా నలభై ఒకటో గడిలోనే ముగిసింది. ఆ తర్వాత మిగిలింది నాలుగు గంటల వరకు అన్న తోక ఒక్కటే.

కాగితాన్ని చందర్ వైపు తిప్పాడు.

"సాబ్, ఎవడన్న కావాలని తీసేస్తే వరుస మొత్తం తీసేస్తడు. తోక ఎందుకు ఇడుస్తడు? ఇది చెరిపింది కాదు. అచ్చరం మీద అచ్చరం పడ్డది. రాజన్న సెలవు ఫూల్‌సింగును మింగింది. నలభై ఒక్క అచ్చరాలు మింగి, మిగిలింది తన తోకకు కట్టుకున్నది."

చందర్ రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండోసారి పెదవులు కదిలాయి.

"ఒక్క అచ్చరం తక్కువ పడ్డా, ఎక్కువ పడ్డా, వరుస వంకరగ కనబడేది. ఎవరో ఒకరు చదివి ఆగేటోళ్లు," అన్నాడు ముత్తెన్న. "ఫూల్‌సింగ్ దిగి ఇంటికి పోయేటోడు."

ఆమినా తన చేతుల్ని మీటల మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "అంటే నా చేతే..." అని ఆగిపోయింది.

"నీ చెయ్యి ఇప్పుడు కూడా గదే పని జేసింది బిడ్డా. వరుస పోలేదు. చెయ్యి మారలేదు. మారింది ఇంకేదో."

"మరి మిషిన్ నిన్న సక్కగ, ఇయ్యాల సక్కగ, మంగళవారం ఒక్కనాడే ఎట్ల మింగుతది?" అన్నాడు చందర్. గొంతులో ఎగతాళి పోయింది, మొండితనం ఇంకా ఉంది.

"అదే అడుగుతున్న. ఆమినా, ఈ మిషిన్ అందరికీ ఒక్క తీరే పని జేస్తదా?"

"చెయ్యది సార్. ఎవల ఫ్లాపీ వాళ్లది. ఎవల ఇష్టాలు వాళ్ల ఫ్లాపీల రాసి ఉంటయి. నా ఫ్లాపీ పెడితే మీట నొక్కినప్పుడు చప్పుడు రాదు. ఇంజనీరు సారుది పెడితే వస్తది. అంచు ఎక్కడ ఆగాలె, తెర ఎంత తెల్లగుండాలె, అన్నీ మనమే పెట్టుకోవచ్చు."

"చార్టు ఎవరి ఫ్లాపీల ఉంటది?"

"మునీర్ సార్ ఫ్లాపీల. చార్టులన్నీ అండ్లనే."

"ఆ ఇష్టాలు ఒక్కొక్కటి చదువు."

ఆమినా చదువుతూ పోయింది. అంచు, చప్పుడు, వరుసల మధ్య ఖాళీ. ఆరో ప్రశ్న దగ్గర ఆమె ఆగి తెరకు దగ్గరగా వంగింది. "కొత్త అచ్చరం పడితే పాతది పక్కకు జరగాలెనా, చెరిగిపోవాలెనా అని ఉన్నది సార్."

"ఇప్పుడేమున్నది?"

"జరగాలె అని."

"ఇగ చూడు," అన్నాడు చందర్. "సక్కగనే ఉన్నది."

"ఇప్పుడున్నది సాబ్. ఆమినా, ఈ ఇష్టాలు ఆఖరుకు ఎప్పుడు మార్చిండ్రో మిషిన్ చెప్తదా?"

ఆమె రెండు మీటలు నొక్కింది. ఫ్లాపీలో ఉన్నవన్నీ తారీకులతో, వేళలతో తెర మీదికి వచ్చాయి. వేలు పెట్టి చూపించింది. బుధవారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు.

"బుధవారం ఆఫీసు ఎన్నింటి దాకా ఉండె?"

"రెండింటికే మూసినం సార్. ఫూల్‌సింగన్న సావుకు అందరం పోయినం గద. మిషిన్ కూడా బందు జేసిన."

"మల్ల వేస్తే తారీకు, టైము ఎవరు పెట్టాలె?"

"ఎవలు వేస్తే వాళ్లే కొట్టాలె. లేకుంటే ఏదో పాత తారీకు వస్తది."

"తాళం ఎవరి దగ్గరుంటది?"

జవాబు అవసరం లేకపోయింది. గదిలో అందరూ మునీర్ వైపు చూశారు.

ముత్తెన్న గొంతు పెంచలేదు. "మునీర్ సాబ్. ఆ టైము మీరు అబద్ధం కొట్టొచ్చు. సోమవారం అని కొడితే ఎవరికీ తెల్వకపోయేది. కొట్టలే. ముప్పై ఏండ్ల సంది ఏ కాగితం మీదా తప్పు తారీకు వెయ్యని చెయ్యి. అది ఆ పని చెయ్యలేకపోయింది."

మునీర్ చొక్కా జేబులోంచి రుమాలు తీసి కళ్లద్దాలు తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"సోమవారం సాయంత్రం ఆమినా పోయినంక పెట్టుకున్న," అన్నాడు. "నేను టైపుమిషిన్ మనిషిని. తప్పు పడితే వెనక్కి వస్త, దాని మీదనే కొడ్త. ఈ డబ్బాల ఒక్క అచ్చరం పెడితే వరుస మొత్తం చీమల లెక్క పక్కకు పాకుతది. చూస్తే నాకు తల తిరుగుతది. చెరిగిపోవాలె అని పెడితే నా పాత మిషిన్ లెక్కనే అయింది. పొద్దున ఈ పిల్లకు చెప్పుదామనుకున్న. పొద్దున వచ్చేసరికి రాజన్న చీటీ, ఇంజనీరు తొందర... యాద్ మరిచిన."

"ఎప్పుడు అర్థమైంది?"

"సావుకాడ. ఫూల్‌సింగ్ తల్లి గౌరీబాయి అందర్నీ అడుగుతుండె, కాగితంల ఎందుకు రాయలేదు, కాగితంల ఎందుకు రాయలేదు అని. నన్ను కూడా అడిగింది. అప్పుడు సమజైంది. వచ్చి మల్ల సక్కజేసిన."

"అప్పటికి లోక్యా లాకప్పుల ఉన్నడు."

మునీర్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఒక్కరోజు గాదు, తెలిసినంక రెండు రోజులు," అంది ధర్మి. అంతసేపటికి అదే ఆమె మొదటి మాట. "నేను నిన్న మీ ఇంటికి వచ్చిన గద సాబ్. మీ కాళ్లు పట్టుకున్న. నీళ్లు తాగి పో అన్నరు."

చందర్ లేచి నిలబడ్డాడు. కిటికీ దాకా వెళ్లి తిరిగి వచ్చాడు. జేబులో రిమాండు రిపోర్టు మడత పైకి కనిపిస్తోంది. దాన్ని లోపలికి నెట్టాడు.

ముత్తెన్నకు మాత్రం ఏదో వెలితిగా ఉంది. గడియారం చూశాడు. పదకొండూ ఇరవై. సోమవారం సాయంత్రం నుంచి బుధవారం ఐదూ పది వరకు. అంటే దాదాపు రెండు రోజులు.

"ఆమినా, ఈ నడుమ ఆ ఫ్లాపీతోని ఇంకేమన్న టైపు జేసినవా?"

"మంగళవారం మధ్యాహ్నం నుంచి ఏం పని జరగలే సార్. బుధవారం పొద్దున ఒక్క చార్టు. రెండో పంపుహౌస్‌ది."

"కొత్తగ కొట్టినవా, మధ్యల చేర్చినవా?"

"మధ్యల... ఒక వరుస చేర్చిన."

"ఏ వరుస మీద?"

ఆమినా ఫైలు లాగింది. చీటీలు నేల మీద పడ్డాయి. ఒంగి ఒక్కొక్కటి చూసి, ఒక దాన్ని అందించింది. ఇంజనీరు రాతే. నదిలో ఉన్న రెండో పంపు బావిలోకి మనుషులు దిగి షాఫ్టు బాగు చేస్తారు, పదకొండున్నరకు వేయవలసిన మోటారు వేయవద్దు. పైన తారీకు, శుక్రవారం. ఈ రోజు.

"స్విచ్చి ఎక్కడుంటది?"

"గట్టు మీద," అన్నాడు రాజన్న. "అక్కడి నుంచి బావిల ఎవడున్నడో కనబడదు సారు. కాగితం చూసుడు, స్విచ్చి వేసుడు."

"బావిల ఎవరు?"

రాజన్న ధర్మి ముఖం చూసి తల దించుకున్నాడు. ఆమే చెప్పింది. "మా మరిది సోమ్లా. ఫూల్‌సింగ్ జాగాల పనికి రమ్మన్నరు."

పదకొండూ ఇరవై మూడు. పంపుహౌస్ పదిహేను కిలోమీటర్లు. అక్కడ ఫోను లేదు.

చందర్ అప్పటికే బల్ల మీది ఫోను ఎత్తాడు. డయలు తిరిగి వెనక్కి వచ్చేదాకా వేలితో బల్ల మీద కొడుతూనే ఉన్నాడు. సబ్‌స్టేషన్ ఎత్తింది.

"సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చందర్ మాట్లాడుతున్న. కరెంటు తియ్యి. ఏ ఫీడరా? నాకు తెల్వదు, అన్నీ తియ్యి... రాసిచ్చుడు తర్వాత. నా పేరు రాసుకో. టైము రాసుకో. దవాఖానలున్నయని నాకు తెలుసు. ఆడ బావిల మనుషులున్నరు. తియ్యి!" చేత్తో ఫోను మూసి గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్‌ను కేకేశాడు. "జీపు తీస్కపో. రెండో పంపుహౌస్. హారన్ మీద చెయ్యి తియ్యకు."

జీపు కదిలిన చప్పుడు రోడ్డు మలుపు దాకా వినిపించింది. అందరూ తెర వైపే చూస్తున్నారు. పదకొండూ ఇరవై ఆరు. ఇరవై ఏడు. తెర మీద బుధవారం సాయంత్రం ఐదూ పది అలాగే వెలుగుతోంది.

ఇరవై ఎనిమిదికి అక్షరాలు ఒక్కసారి నడుమకు కుంచించుకుని చుక్కయి ఆరిపోయాయి.

కరెంటు పోయింది. ఫోను ఇంకా చందర్ చేతిలోనే ఉంది. మెల్లగా పెట్టి, కుర్చీలో కూర్చుని, నోటు బుక్కు తెరిచాడు.

"మునీర్ సాబ్, ఇందాక చెప్పిందంతా రాసి సంతకం పెట్టుండ్రి. లోక్యాను వదలాలంటే నాకు అది కావాలె."

మునీర్ ఆరిపోయిన తెరను చూస్తున్నాడు. ఒక చావు గురించి మాట్లాడినప్పటి ముఖం కాదది. రెండో చావు కూడా తన వాకిట్లోకి రావచ్చని తెలిసిన మనిషి ముఖం.

"నేనేం జెప్పిన సాబ్?"

"ఏంది?"

"మీరే చూసిండ్రు గద. అండ్ల జరగాలె అనే ఉన్నది. బుధవారం అంచు దిద్దుకుందామని తెరిచిన. అంతే."

ముత్తెన్న కళ్లు మూసుకున్నాడు. ఫ్లాపీ ఎప్పుడు మార్చారో చెబుతుంది, ఏది మార్చారో చెప్పదు. మార్చక ముందు ఏముండేదో ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు. ధర్మి మాటను, రాజన్న మాటను కోర్టు నమ్మదు. వాళ్లు లోక్యా మనుషులంటుంది. డబ్బు తీసుకుని వచ్చిన డిటెక్టివ్ మాట అంతకన్నా నమ్మదు.

మునీర్ శిష్యురాలి వైపు తిరిగాడు. గొంతు పాఠం చెప్పినట్టే ఉంది. "బేటీ, నేను ఏమన్న అన్నట్టు నువ్వు విన్నవా?"

ఆమినా తన వేళ్లను చూసుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఆ పిల్లను ఎందుకడుగుతవు?" అన్నాడు చందర్. జేబులోంచి రిమాండు రిపోర్టు తీశాడు. అది మూడు పేజీలు, కింద తన సంతకం. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపి మునీర్ బల్ల మీద పెట్టాడు. "నన్నడుగు. నేను విన్న. ప్రతి మాట విన్న. కోర్టుల గదే చెప్త."

ధర్మికి ఆ మాట వినపడిందో లేదో. ఆమె గుమ్మం దాటి రోడ్డు మీదికి పోయింది. జీపు వెళ్లిన మలుపు వైపే చూస్తూ నిలబడింది.